కుడియెడమల నాదము

ఇంటిలో నొక వస్తువు సరిగా పనిచేయనప్పుడు, చెడినది వస్తువా, దానిని వాడు తీరా యని మొదట విచారించుట గృహిణికి నిత్యము అలవాటైన పని. పాలు విరిగినచో పాలవానిని నిందించుటకు ముందు గిన్నె శుభ్రముగా నున్నదో లేదో చూతుము. గ్యాసు పొయ్యి మంట తగ్గినచో బర్నరు రంధ్రములలో పొంగిన పాలు ఎండియున్నవేమో చూతుము గాని, పొయ్యిని వీధిలో పారవేయము. ఈ వివేకము మనకు ఏ పాఠశాలయు నేర్పలేదు. అయినను, కంప్యూటరు మాట వచ్చునప్పటికి మనలో చాలమంది అది మగవారి పనియనియో, పిల్లల పనియనియో ప్రక్కకు తొలగుదురు. అప్పుడు దుకాణదారుడు చెప్పిన మాటయే వేదవాక్యమగును. అతడు పొమ్మన్న ధర పోవును.

ఈ నెల మేము వ్రాయదలచినది పాత లాప్‌టాప్ నుండి పాట ఒంటిపట్టుగా వినవచ్చుటను గూర్చి. ఇంత చిన్న విషయమునకు వ్యాస మెందుకని సోదరీమణులు తలపవచ్చును. ఈ చిన్న విషయము వెంటబడి పోగా, మా యింట యంత్రముతో సంబంధము లేని పెద్ద సంగతి యొకటి బయటపడినది. కావున ఓపికతో చదువ గోరుచున్నాము.

మొదట రెండు చెవుల సంగతి. కాలువ రేవున కన్నులు మూసికొని నిలుచుండి వినుడు. పడవ ఎగువనుండి వచ్చుచున్నదో, దిగువనుండి వచ్చుచున్నదో చూడకయే చెప్పగలము. గట్టుమీది సైకిలు గంట ఏ ప్రక్క మ్రోగినదో తెలియును. ఇది ఎట్లు తెలియుచున్నది? ధ్వని గాలిలో సెకనుకు ఇంచుమించుగా 340 మీటర్లు పోవును. మన చెవుల నడుమ దూరము జానెడు మాత్రమే. కుడిప్రక్క పుట్టిన ధ్వని కుడిచెవికి ముందును, ఎడమచెవికి వెనుకను చేరును. ఆ వ్యవధి సెకనును 1000 భాగములు చేసినచో అందొక భాగమునకును తక్కువ. అదియును గాక, నడుమ తల అడ్డుండుటచే దూరపు చెవికి ధ్వని కొంత మందగించి చేరును. ఈ రెండు స్వల్పభేదములను మెదడు కలిపి చూచుకొని, ధ్వని ఫలాని దిక్కునుండి వచ్చినదని నిర్ణయించును. ఒక చెవి పనిచేయనిచో ధ్వని వినబడును గాని దిక్కు తెలియుట కష్టమగును.

ఈ రహస్యమును యంత్రమున బంధింపవలెనని పెద్దలు చాలకాలము ప్రయత్నించిరి. 1881లో పారిస్ నగరమున జరిగిన విద్యుత్ప్రదర్శనమున క్లెమాన్ ఆదేర్ అను ఫ్రెంచి ఇంజనీరు, నాటకశాల వేదిక ముందు టెలిఫోను పరికరముల నమర్చి, శ్రోతలకు చెవి కొకటి చొప్పున రెండు గొట్టములిచ్చెను. వేదికపై గాయకులు ఎటు నడచిరో దూరమున నున్నవారికి తెలిసినదట. పిదప 1931లో ఆంగ్లదేశపు ఇంజనీరు అలన్ బ్లమ్లీన్ రెండు ధ్వనిమార్గముల పద్ధతికి పేటెంటు కోరెను. సినిమాకు పోయినప్పుడు, నటుడు తెర కొకప్రక్క నుండగా మాట వేరొకచోటనుండి వచ్చుట చూచి, దీనికి నేను మార్గము కనుగొంటినని భార్యతో ననెనని చెప్పుదురు. పాపము, అతడు 1942లో విమాన ప్రమాదమున మరణించెను. రెండు మార్గముల గ్రామఫోను రికార్డులు 1957, 1958 సంవత్సరములలోగాని అంగడికి రాలేదు. ఒకే మార్గమున వచ్చు ధ్వనిని మోనో యనియు, కుడియెడమలు వేరువేరుగా వచ్చుదానిని స్టీరియో యనియు పిలుచుచున్నారు.

మన దేశమున, మన గోదావరి సీమలో మాత్రము, పాటలన్నియు చిరకాలము ఒకే మార్గమున నడచినవి. 1936లో రాజమహేంద్రవరమున దుర్గా సినీటోన్ స్టూడియో వెలసిన నాడు చిత్రములలో మాటయు పాటయు ఏకధ్వనులే. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైనది. ఉదయమున మన అమ్మమ్మలు పొయ్యి రాజేయుచు విన్న భక్తిరంజని ఆ కేంద్రమునుండి వచ్చినదే. దానిని రూపొందించిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1920లో నిడదవోలున జన్మించినవారు. అందు పాడిన ప్రముఖులలో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో కోనసీమలోని శంకరగుప్తమున జన్మించినవారు. ఆ మధురగానమంతయు మీడియం వేవు రేడియోలో ఒంటిమార్గముననే యిల్లిల్లు చేరినది. తెలుగు చిత్రములలో ఆరుమార్గముల స్టీరియో ధ్వనితో, 70 మిల్లీమీటర్ల తెరతో వచ్చిన మొదటిది సింహాసనము. అది 1986 నాటి మాట.

ఈ చరిత్ర యేల చెప్పితిమనగా, మీ లాప్‌టాప్‌లో ఘంటసాలవారి పాతపాట రెండు చెవులకు ఒకేరీతిగా వినబడినచో అది యంత్రదోషము కాదు. పాట పుట్టుటయే అట్లు పుట్టినది. పరీక్షింప దలచినవారు కుడియెడమలు స్పష్టముగా వేరుగానున్నదని తెలిసిన క్రొత్తపాట నొకదానిని ఎంచుకొనవలయును. అదియే మొదటి మెట్టు.

ఇక మా యింటి సంగతి. మా లాప్‌టాప్ 2015లో కొన్నది. 2020లో పాఠశాలలు మూతబడినప్పుడు పిల్లల చదువంతయు దానిమీదనే సాగినది. మూతబందులు ఒకటి రెండు విరిగినను, పలుమార్లు మూసి తెరచినను, అది మమ్ము విడువలేదు. మా చిన్నది వయొలిను నేర్చుకొనుచున్నది. దూరముననున్న గురువుగారు రెండు వయొలినుల జోడుకచేరీ రికార్డు నొకదానిని పంపి, ఏ వయొలిను ఏ స్వరమునకు ఎట్లు బదులిచ్చుచున్నదో విని వ్రాసికొని రమ్మనిరి. ఒకటి ఎడమచెవిలోను, ఇంకొకటి కుడిచెవిలోను వచ్చునని గూడ చెప్పిరి. పిల్ల రెండుదినములు విని, రెండు వయొలినులు ఒకే కుండలో పోసినట్లు కలిసిపోయి వచ్చుచున్నవని కంటనీరు పెట్టుకొన్నది.

పట్నములోని యొక మరమ్మతు దుకాణమున చూపింపగా, వారు పదినిమిషములు చూచి, మదర్‌బోర్డులో ధ్వనిభాగము పోయినదనియు, మార్చుటకు అయ్యెడి వ్యయమునకు క్రొత్త యంత్రమే మేలనియు చెప్పిరి. పాత యంత్రమును తీసికొని కొంత తగ్గింతురట. మేము ఆలోచించి చెప్పెదమని దానిని ఇంటికి తెచ్చితిమి. వయొలినుకు తంతులు, బడికి రుసుము, అత్తగారి మందులు, ఇన్నిటి నడుమ క్రొత్త లాప్‌టాప్ అనగా ఒక పంట చేతికి వచ్చువరకు ఆగవలసిన మాట. కావున మావారు పొలమునకు పోయిన వేళ, మేమును చిన్నదియు కూర్చుండి ఒక్కొక్కటియే పరీక్షింప నారంభించితిమి. ఆ క్రమము సోదరీమణులకు ఉపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము.

అన్నిటికంటె ముందు రెండు రోగములను వేరుచేసి తెలిసికొనవలయును. ఒక చెవిలో పాట వచ్చి, రెండవ చెవిలో ఏమియు రాకుండుట యొకటి. రెండు చెవులలోను పాట వచ్చుచు, రెండింటిలోను అదియే వచ్చుట ఇంకొకటి. మొదటిది సాధారణముగా తీగ తెగుటవలనను, కుళ్లు పట్టుటవలనను కలుగును. రెండవది చాలసార్లు లోపలి అమరికవలన కలుగును. తెగిన తీగ మౌనము వహించును గాని, కుడియెడమలను కూర్చి పంచిపెట్టదు. ఈ భేదము తెలిసినచో సగము శ్రమ తగ్గును.

ఇయర్‌ఫోను పుల్లను చూడుడు. దానిపై నల్లని వలయములచే వేరుచేయబడిన లోహపు పట్టీ లుండును. కొన ఎడమచెవికి, దాని తరువాతి పట్టీ కుడిచెవికి, ఆ పై పట్టీ రెండింటికి ఉమ్మడిగా తిరుగుదారి. పుల్ల రంధ్రములో పూర్తిగా దిగనిచో ఈ పట్టీలు తమ చోట కూర్చుండవు. ఒక చెవి మూగబోవును, లేదా ధ్వని వికారముగా వచ్చును. టక్కున శబ్దము వచ్చునంతవరకు నొక్కి, మెల్లగా త్రిప్పి చూడవలయును. ఉమ్మడి తీగ తెగినచో వింత జరుగును. నడుమ నిలిచి పాడు గాయకుని కంఠము మాయమై, వాద్యములు మాత్రము నూతిలోనుండి వచ్చినట్లు వినబడును. అట్లు విన్నప్పుడు పాటను నిందింపక ఇయర్‌ఫోనును మార్చవలయును.

మన డెల్టా గాలిలో తేమ మెండు; సముద్రమునకు దగ్గరి గ్రామములలో ఉప్పుగాలియు తోడగును. ఇత్తడి చెంబు చిలుముపట్టినట్లే ఈ లోహపు పట్టీలును మకిలపట్టును. పుల్లను పొడిగుడ్డతో తుడువవలయును. యంత్రమును పూర్తిగా ఆపి, రంధ్రములోని దుమ్మును మెత్తని చిన్న కుంచెతో తీయవచ్చును. పిన్నీసును, జడసూదిని అందు దూర్చరాదు. లోపలి స్ప్రింగు వంగినచో నిజముగా దుకాణమునకే పోవలసి వచ్చును. వానకాలమున లాప్‌టాప్‌ను గోడకు ఆనించి నేలమీద పెట్టరాదు. మేము వేరొక ఇయర్‌ఫోను పెట్టి చూచితిమి, ఫలితము మారలేదు. కావున తప్పు పుల్లలో లేదని తేలినది.

తీగలేని బ్లూటూత్ హెడ్‌ఫోను వాడువారు ఇంకొక సంగతి తెలిసికొనవలయును. తరగతి జరుగునప్పుడు హెడ్‌ఫోను మైకును గూడ ఉపయోగించినచో, పాత రకపు పరికరములు టెలిఫోను పద్ధతిలోనికి మారును. అప్పుడు ధ్వని ఒంటిమార్గమై, సన్నగిల్లి, జల్లెడపట్టినట్లగును. ధ్వని సెట్టింగులలో మైకు స్థానమున లాప్‌టాప్‌లోని మైకును ఎన్నుకొన్నచో హెడ్‌ఫోను మరల పూర్తి పాటను వినిపించును. సంగీతపాఠములు చెప్పించు తల్లులు దీనిని మరువరాదు. తీగగల హెడ్‌ఫోనైనచో ఈ చిక్కే లేదు.

లాప్‌టాప్ స్వంత స్పీకర్లను నమ్మి పరీక్షింపరాదు. పాత యంత్రములు కొన్నిటిలో స్పీకరు ఒక్కటియే యుండును. రెండున్నను అవి అడుగున జానెడు దూరములో నుండి బల్లకేసి పలుకుటచే కుడియెడమలు ఏకమగును. చెవికి తగిలించుకొని విన్నదే సరియైన పరీక్ష.

పిదప విండోస్‌లో ఒక చక్కని ఏర్పాటున్నది. కంట్రోల్ పానెల్‌లో సౌండ్ అను పేరు నొక్కినచో ప్లేబ్యాక్ అను పుట వచ్చును. అందు స్పీకర్లను ఎన్నుకొని కాన్ఫిగర్ అను మీట నొక్కి, టెస్ట్ అన్నచో, మొదట ఎడమవైపును, పిమ్మట కుడివైపును ఒక స్వరము మ్రోగును. అదే పుటలో ప్రాపర్టీస్, లెవెల్స్, బ్యాలెన్స్ అను చోట ఎడమకుడుల బలము సమానముగా నున్నదో లేదో చూడవచ్చును. ఒకటి 0 అయినచో ఆ చెవి మూగదగును. మా యంత్రమున రెండును సమానముగనే యుండెను. కాని టెస్ట్ నొక్కినప్పుడు, ఎడమకు మ్రోగవలసిన స్వరము రెండు చెవులలోను మ్రోగినది. కుడికి మ్రోగవలసినదియు అట్లే. అనగా రెండు తీగలును, రెండు చెవిగూళ్లును సజీవముగా నున్నవి. పాట బయటికి రాకమునుపే ఎవరో లోపల కుడియెడమలను కలుపుచున్నారు. చిన్నది మా మొగము చూచినది. మేము చిన్నదాని మొగము చూచితిమి.

ఆ కలుపు మీట యెక్కడనున్నదో వెదకితిమి. విండోస్ 10లో సెట్టింగ్స్, ఈజ్ ఆఫ్ యాక్సెస్, ఆడియో అను వరుసలో టర్న్ ఆన్ మోనో ఆడియో అను మీటయొకటి కలదు. విండోస్ 11లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, ఆడియో అనుచోట మోనో ఆడియో అను పేరుతో నున్నది. మా యంత్రమున ఆ మీట వెలిగియున్నది. ఆర్పితిమి. జోడుకచేరీ మరల పెట్టగా ఎడమచెవిలో నొక వయొలినును, కుడిచెవిలో నొక వయొలినును, ఎదురెదురు అరుగులపై కూర్చుండి ముచ్చటలాడుకొన్నట్లు పలికినవి. చిన్నది హెడ్‌ఫోను తీయక భోజనమునకు కూర్చున్నది. మదర్‌బోర్డు ధర మిగిలినది.

ఆ మీటతో దొరకనివారికి ఇంకొక మార్గము: డివైస్ మేనేజరులో ధ్వని పరికరమును ఎన్నుకొని అన్‌ఇన్‌స్టాల్ చేసి, యంత్రమును ఆపి మరల వెలిగించినచో విండోస్ డ్రైవరును తానే మరల అమర్చుకొనును. డ్రైవరనగా విండోస్ భాషను ధ్వనియంత్రమునకు చెప్పు దుబాసీ యని తెలియుడు. విండోస్ క్రొత్తదైనప్పుడు పాత దుబాసీకి మాట తడబడుట కలదు. యంత్రము అడుగున వ్రాసిన నమూనా సంఖ్యను బట్టి తయారీదారు వెబ్‌సైటులోని డ్రైవరును తెచ్చుకొనుట మంచిది. ఊరుపేరు లేని చోట్ల ఉచితముగ నిచ్చువానిని నమ్మరాదు.

ఇంతటితో కథ ముగిసినదని యనుకొంటిమి. కాని ఆ సాయంకాలము మా అత్తగారు, దీపము పెట్టిన పిదప, అలవాటు ప్రకారము పాట వినుటకు కూర్చుండిరి. వారి వయస్సు 74 ఏండ్లు. ఆమెకు ఇష్టమైన మంగళహారతుల రికార్డు నొకదానిలో అక్కచెల్లెండ్రు ఇద్దరు ఒకరి తరువాత నొకరు చరణములు పాడుదురు. నాలుగు చరణములు జరుగునప్పటికి ఆమె ఇయర్‌ఫోను తీసి, "చెల్లెలు పాడుతోంది, అక్క పాడడం లేదేమే అమ్మాయీ?" అని అడిగిరి. మేము విని చూచితిమి. అక్క ఎడమచెవిలో స్పష్టముగా పాడుచునే యున్నది.

అప్పుడు చిన్నది, ఉదయమునుండి నేర్చిన పరీక్షా విధానముచే గాబోలు, ఇయర్‌ఫోనును త్రిప్పి, ఎడమది కుడిచెవికి, కుడిది ఎడమచెవికి పెట్టినది. అత్తగారు సంతోషముతో, "ఇప్పుడు అక్క వచ్చింది" అనిరి. ఒక నిమిషమునకు, "చెల్లెలు ఏదీ?" అనిరి. యంత్రములోని రెండు మార్గములును బాగుగనే యున్నవి. వినబడనిది యేవైపు తీగయో కాదు, వారి ఎడమచెవి.

సోదరీమణులారా, ఈ పరీక్షను గుర్తుంచుకొనుడు. ఒక ప్రక్క పాట వినబడనప్పుడు ఇయర్‌ఫోనును తారుమారు చేయుడు. మౌనము ఇయర్‌ఫోనుతో పాటు ప్రక్క మారినచో తప్పు యంత్రముది. మౌనము అదే చెవియందు నిలిచినచో తప్పు యంత్రముది కాదు. దీనికి కానీ ఖర్చు లేదు, అరనిమిషము పట్టును.

కాకినాడలో చదువుకొనుచున్న మా పెద్దవానికి ఫోను చేసితిమి. వాడు సంక్రాంతికి వచ్చినప్పుడు మామ్మ ఇట్లే అక్క పాడుట లేదని చెప్పినదట. పాత యంత్రమునకు ఎడమప్రక్క బలము తగ్గినదనుకొని, రెండు పాటలును రెండు చెవులకు చేరునట్లు ఆ మోనో మీటను వెలిగించి, సెలవులు ముగియగానే బయలుదేరి పోయినాడు. యంత్రమునకు రోగమని దుకాణమువా రనినది, మనుమడు మామ్మకు చేసిన ఉపచారము.

అత్తగారిని కూర్చుండబెట్టి అడుగగా అప్పటికి నోరు విప్పిరి. కార్తికమాసమున ఒక ఉదయము లేచునప్పటికి ఎడమచెవిలో దూది కుక్కినట్లును, లోపల చీమిడుత అరచినట్లును, తల తిరిగినట్లును ఉండెనట. గోదావరి స్నానములో నీరు పోయినదని, తానే తగ్గునని ఊరకుండిరి. వరికోతల కాలము, ఇంటనిండ పనులు, ఆ పై ఆసుపత్రి ఖర్చు, ఎందుకు చెప్పుటయని తలచిరట. అప్పటినుండి భోజనముల వేళ కుమారుని కుడివైపు కూర్చుండుటకు బదులు ఎడమవైపు కూర్చుండుచు, తన మంచిచెవి అతనివైపు నుండునట్లు సర్దుకొనుచు వచ్చినారు. పిలిచినప్పుడు పలుకకున్న, జపమున నున్నారని యింటిల్లిపాదియు అనుకొనుచుండిరి.

మరునాడు కాకినాడలో చెవివైద్యునికి చూపించితిమి. గుబిలి అడ్డుపడినదేమో యని మొదట చూచిరి, లేదు. పిదప చప్పుడు చొరని గదిలో కూర్చుండబెట్టి, సన్నని, బొంగురు స్వరములను వినిపించి, ఏది వినబడినదో గీతలు గీసిరి. కుడిచెవి వయస్సునకు తగినట్లున్నది. ఎడమచెవి లోపలి నరము దెబ్బతినినది. ఒకదినము మొదలు మూడుదినములలో నొక చెవి ఇట్లు ఆకస్మికముగా మందగించుట అత్యవసరముగా చూడవలసిన వ్యాధియనియు, మొదటి దినములలో, ఆలస్యమైనను రెండువారములలోపల, మందులు మొదలుపెట్టినచో కొందరికి వినికిడి తిరిగివచ్చుననియు, మూడునెలలు గడచిన పిదప ఆ ఆశ స్వల్పమనియు వైద్యుడు మెల్లగా చెప్పెను. ఇంకేమైన కారణము కలదేమోయని చూచుటకు తలకు స్కాను తీయించెను. భయపడదగిన దేదియు లేదని తేలినది. వినికిడి యంత్రములను గూర్చియు చెప్పెను.

తిరిగివచ్చునప్పుడు బస్సులో మేమెవ్వరమును మాటాడలేదు. యానాము వంతెనపై నది కనబడగానే అత్తగారే మమ్ము ఓదార్చిరి. "ఉన్న చెవితో పాట వింటాను. పోయిన చెవిని చెప్పుడు మాటలకి వదిలేశాను లే అమ్మాయీ" అనిరి. నవ్వు వచ్చినది, ఏడుపును వచ్చినది.

ఇప్పుడు ఆ మోనో మీట యొక్క విలువ మాకు తెలిసినది. స్టీరియో పాటలో సగము ఎడమకు, సగము కుడికి పంచియుండును. ఒక చెవియే పనిచేయువారికి ఆ సగము ఎన్నటికిని చేరదు. మీట వెలిగించినచో రెండు సగములును కలిసి రెండు చెవిగూళ్లలోను వచ్చును. ఉన్న చెవికి పాటయంతయు దక్కును. ఇట్టి మీట సెల్‌ఫోనులలో గూడ యాక్సెసిబిలిటీ అనుచోట కలదు. ప్రపంచమున వినికిడి లోపముచే చికిత్సయో, సాయమో కావలసినవారు 43 కోట్లకు పైగా నున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో మన యింటి పెద్దలెందరో! కంప్యూటరు చేసినవారు దీనిని దివ్యాంగుల కొరకని ఒక మూలన పెట్టిరి. మా యింట అది నడిమింటి దీపపు స్విచ్చువలె నిత్యము వాడబడుచున్నది. అత్తగారు కూర్చున్నప్పుడు వెలుగును. చిన్నది కూర్చున్నప్పుడు ఆరును. చిన్నది ఒక కాగితపు ముక్కపై "మామ్మకు ఒకటి, నాకు రెండు" అని వ్రాసి లాప్‌టాప్ మూతకు అంటించినది.

యంత్రమును గూర్చి ఇంకొక హెచ్చరిక. విండోస్ 10కి సామాన్య భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినవి. పాత లాప్‌టాప్ పాట వినుటకు, వయొలిను పాఠమునకు ఇంకను చక్కగా పనికివచ్చును. బ్యాంకు వ్యవహారములు మాత్రము దానిమీద నడుపకుండుట మంచిది. పాతదానిని పారవేయుటకంటె, దానికి తగిన పనిని దానికి అప్పగించుట గృహధర్మము.

చెవిని గూర్చి చెప్పవలసినది ఇంకను ముఖ్యము. చెవిలో కాచిన నూనె పోయరాదు. పిన్నీసుతో, పుల్లతో గుబిలి తీయరాదు. ఒక చెవి ఉన్నట్లుండి మందగించినచో, హోరుపెట్టినచో, తల తిరిగినచో, పండుగ పోవలెననియో, కోతలు కావలెననియో ఆగక, ఆ దినమే చెవివైద్యునికి చూపింపవలయును. మన పెద్దలు, ముఖ్యముగా స్త్రీలు, తమ బాధను ఇతరుల పనులకంటె తక్కువగా లెక్కించుకొందురు. వారు చెప్పుదురని కాచుకొనరాదు. నెలకొకసారి యొక పాట పెట్టి, ఇయర్‌ఫోను ఇటునటు మార్చి, ఏ చెవిని ఎంత వినబడుచున్నదో నవ్వుచు అడిగినచో, అది వారికి పరీక్షగా తోచదు, ముచ్చటగా తోచును.

ఒక చెవి లేనివారికి దిక్కు తెలియదని మొదట వ్రాసితిమి గదా. కాలువగట్టు వెంబడి గుడికి పోవునప్పుడు ఎడమవైపునుండి వచ్చు మోటారుసైకిలు మోత మా అత్తగారికి కుడినుండి వచ్చినట్లే తోచుచున్నది. అందుచే చిన్నది ఎప్పుడును ఆమె ఎడమచేయి పట్టుకొని నడచును. ఎవ్వరును దానికి చెప్పలేదు.